పెంక మీద ఆరిన విత్తనం

నా చిన్నప్పుడు దమ్మపేట అవతల, అడవి అంచున మాకు అరెకరం జొన్న చేను ఉండేది. మరుసటి ఏటి విత్తనాన్ని మా నాయనమ్మ ఎండిన సొరకాయ బుర్రలో పోసి, మూతికి పేడ మెత్తి, పొయ్యి పైన వాసానికి వేలాడదీసేది.

ఒక ఏడు విత్తే ముందే ముసురు పట్టింది. బుర్ర మూతికి మెత్తిన పేడ ఊడి గింజలు చెమ్మగిల్లాయి. అమ్మ కూలికి పోతూ "గింజలు జర ఆరబెట్టు బిడ్డా" అన్నది. ఎండ లేదు. నేను పొయ్యి మీద రొట్టెలు కాల్చే పెంక పెట్టి, దోసెడు దోసెడు చొప్పున గింజలన్నీ వేడి చేశాను. రంగు మారలేదు, ఒక్కటీ పేలలేదు. బాగా ఆరాయని మురిసిపోయి మళ్లీ బుర్రలో పోశాను.

విత్తనం మంచిదో కాదో తేల్చుకోవడానికి నాయనమ్మ ఎప్పుడూ పిడికెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి చూసేది. ఆ ఏడు మూడో రోజు మూట విప్పితే ఒక్కటీ మొలవలేదు.

"ఏం జేసినవే?"

"పెంక మీద ఆరబెట్టిన."

కొట్టలేదు. పక్కింటి నుంచి ఒక గింజ తెచ్చి, మా గింజ పక్కన నా అరచేతిలో పెట్టింది. "ఏది బతికుందో చెప్పు." రెండూ ఒక్క తీరే ఉన్నాయి. "గింజ గూడ ఊపిరి తీస్తది బిడ్డా. మనకు కనబడదు, గంతే."

అమ్మ వచ్చాక మాత్రం నాయనమ్మ "నేనే మూతి సక్కగ మెత్తలే, చెమ్మకు చచ్చినయి" అని చెప్పింది.

"చేతగాకుంటే చెప్పొద్దా అత్తా? ఇప్పుడేం విత్తాలె?"

నాయనమ్మ తల దించుకుంది. నేను గుంజ వెనక నిలబడి విన్నాను.

ఊళ్లో ఎవరి దగ్గరా వాళ్ల చేను మందానికి మించి విత్తనం లేదు. మా గింజల్ని తిరగలిలో విసిరి గటక కాచుకుని తిన్నాం. చేను బీడు పడింది. అమ్మ వైరా దిక్కు నాట్లకు పోయింది.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకుని, మనవరాలి పాఠం ఒకటి కూడబలుక్కుని చదివాను. ప్రాణమున్నవన్నీ కణాలతోనే అయ్యాయట. చెట్టూ చేమల్లో కణం చచ్చినా దాని గోడ అట్లాగే నిలిచి ఉంటుందట. లోపల ఊపిరి తీసేది, పెరిగేది మాత్రం ఉండదట. ఆ పేజీ దాటి ముందుకు పోలేకపోయాను.

నాయనమ్మ ఆ నింద మోస్తూనే పోయింది. అమ్మ చివరిదాకా ఆ ఏటి మాట వస్తే "ముసలమ్మ చేసిన పని" అనేది. నేను పక్కనే ఉండి ఒక్కసారి కూడా కాదనలేదు. నిజం నా దగ్గరే మిగిలింది. వినాల్సిన ఇద్దరూ లేరు.