పావంగుళం తక్కువ

వీధిలో అందరూ అతన్ని టేపు అనే పిలిచేవారు. కట్టుకున్న భార్య కూడా కోపం వస్తే "ఏం టేపూ" అనేది. మెడలో టేపు లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు. భోజనానికి కూర్చున్నా మెడలోనే, జ్వరమొచ్చి పడుకున్నా మెడలోనే. స్నానానికి వెళ్ళేటప్పుడైనా తీస్తాడా లేదా అని టీ కొట్టతను పందెం కాశాడు గానీ, వెళ్ళి చూసొచ్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పసుపుపచ్చ మైనపు గుడ్డ టేపు అది. కుట్టుపని నేర్పిన మేస్త్రి పోయేముందు ఇచ్చింది. ముప్పై అయిదేళ్ళుగా దానితోనే చుట్టుపక్కల నాలుగు వీధుల ఛాతీలూ నడుములూ కొలిచాడు. ఒక్కటంటే ఒక్క చొక్కా వెనక్కి రాలేదని గొప్పగా చెప్పుకునేవాడు. అబద్ధమేం కాదు. నిజం కాబట్టే అతని కొంప మునిగింది.

ఇంటి ముందుగదిలో అతని అన్న ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. షుగరు ముందు రెండు కాలివేళ్ళు తీసుకుపోయింది, తర్వాత కళ్ళు తీసుకుపోయింది. రెండేళ్ళుగా మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడమే పని. అన్నం పెడితే నాలుగు ముద్దలు తింటాడు, పెట్టకపోతే అడగడు. "మందులు మీరు వేస్తున్నారు సరే, బతకాలని ఆయనకుండాలి కదా" అని డాక్టరు చేతులెత్తేశాడు.

ఆ మంచం కింద ఆరు అట్టపెట్టెల నిండా బొమ్మల పుస్తకాలున్నాయి. లెక్కకి ఆరువందల పన్నెండు. చిన్నప్పటి నుంచీ పాత పుస్తకాల బళ్ళ దగ్గర ఏరి ఏరి తెచ్చినవి. ఇంట్లో ఒక్కడినే చదివించగలమని పెద్దవాళ్ళు తేల్చేస్తే ఆ చదువు అన్నకి దక్కింది, తమ్ముడు నాలుగో తరగతిలోనే మిషను దగ్గరికి వెళ్ళాడు. అంకెలు బాగానే పట్టుబడ్డాయి. అక్షరాలు మాత్రం అతని కళ్ళముందు ఎప్పుడూ కుదురుగా నిలబడలేదు. అందుకని రోజూ సాయంత్రం అన్న చదివేవాడు, తమ్ముడు బొమ్మలు చూసేవాడు. రాజుకో గొంతు, దొంగకో గొంతు, ఆఖరికి గుర్రానికి కూడా ఒక గొంతు పెట్టేవాడు అన్న. పుస్తకం వెన్ను ఊడితే తమ్ముడు సూదీ దారం పట్టుకుని కుట్టేవాడు. చదవడం అయిపోయాక అన్న చివరి పేజీ అడుగున పెన్సిలుతో చీమతలంత అక్షరాల్లో ఏదో గీకేవాడు. తేదీ కాబోలనుకునేవాడు తమ్ముడు. ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

ఒకరోజు పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళితే అన్న గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"ఒరేయ్, ఆ పుస్తకాలకి సొరుగులు చేసిపెట్టరా. నంబరు వరసన నిలబెట్టాలి. తడిమితే ఏది ఎక్కడుందో నాకు తెలిసిపోవాలి."

"రేపే వడ్రంగిని పిలుచుకొస్తా అన్నయ్యా."

"వాడెవడో ఎందుకు? నువ్వు చెయ్యి."

రెండేళ్ళలో ఆ మనిషి నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. టేపు భార్య ఆసుపత్రి వంటగదిలో పనిచేసేది. ఆ మాట విని ఇంట్లో పొయ్యి ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంది. "బావగారు అడిగారంటే ఇంకా ఆశ ఉన్నట్టే. ఎలాగైనా చేసిపెట్టండి" అంది.

ఆ ఆదివారమే టేపు పనికి దిగాడు. పుస్తకాన్ని నేల మీద పరిచి, మనిషిని కొలిచినట్టు నిలువూ అడ్డం కొలిచాడు. నిలువు సరిగ్గా పది అంగుళాలు. వడ్రంగి అయితే పైన వేలు దూరేంత ఖాళీ వదిలేవాడేమో. టేపుకి అది నామోషీ. సొరుగులో పుస్తకం ఒంటికి అతికిన చొక్కాలా నిలబడాలని, వెంట్రుకవాసి మాత్రమే వదిలాడు. కొలతలన్నీ అంకెల్లో రాసి చెక్కల దుకాణంలో ఇస్తే వాళ్ళు మిషను మీద ప్లైవుడ్ కోసి పంపారు.

ఎనిమిది ఆదివారాలు పట్టింది. సూది పట్టిన చెయ్యికి సుత్తి లొంగుతుందా? రెండుసార్లు బొటనవేలు చితక్కొట్టుకున్నాడు. జిగురు చొక్కాకి అంటించుకున్నాడు. అయితేనేం, సుత్తి చప్పుడు మొదలవగానే అన్న లేచి గోడకి ఆనుకుని కూర్చునేవాడు. మూడో ఆదివారం "ఎన్నయ్యాయిరా?" అని అడిగాడు. అయిదో ఆదివారం మారు వడ్డించమన్నాడు. ఆరో ఆదివారం "ఆ కొట్టుడు కొడితే బీరువా కాదురా, పక్కింటి గోడ కూలుతుంది" అని నవ్వాడు కూడా. ఆ నవ్వు విని టేపు వంటింట్లోకి వెళ్ళి, భార్య చెయ్యి పట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాడు.

ఎనిమిదో ఆదివారం పన్నెండు సొరుగుల బీరువా పూర్తయింది. మొదటి సొరుగులో మొదటి వరస పుస్తకాలు నిలబెట్టి లోపలికి తోశాడు. సగం వెళ్ళి ఆగిపోయింది. పుస్తకాల తలలు పైచెక్కకి తగులుతున్నాయి. వాల్చి పెట్టి చూశాడు. వెన్నులు వంగుతున్నాయి, పైగా సొరుక్కి సగమే పడుతున్నాయి. అట్ట ఒకటి చిరగబోతే గబుక్కున బయటికి లాగేశాడు.

మర్నాడు దుకాణం తెరవగానే చెక్కలవాడి మీదికి పోయాడు. "పొట్టిగా కోసి నా నెత్తిన కొడతావా?" అని నలుగురి ముందూ కేకలేశాడు. చెక్కలవాడు తన ఇనుప టేపు లాగి, టేపు మెడలోని టేపు పక్కన పరిచాడు. ఇనుప టేపు పదీ పావు దగ్గర గుడ్డ టేపు పది చూపిస్తోంది.

"మీ టేపు సాగిపోయిందండీ" అన్నాడు మెల్లగా.

చొక్కాలు ఎందుకు వెనక్కి రాలేదో టేపుకి అప్పుడు తెలిసింది. మనిషినీ దానితోనే కొలిచాడు, గుడ్డనీ దానితోనే కొలిచాడు. తప్పూ తప్పూ సరిపోయాయి. ముప్పై అయిదేళ్ళ పనితనాన్ని ఎవరో నడివీధిలో నిలబెట్టి బట్టలూడదీసినట్టయింది అతనికి.

ఇంటికొస్తే అన్న గడప దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పెడుతున్నావట్రా పుస్తకాలు?"

నాలుక అబద్ధానికి తిరిగింది. "వార్నిష్ ఆరాలన్నయ్యా. నాలుగు రోజులు."

అన్నీ ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టాలంటే ఇంకో ఎనిమిది ఆదివారాలు. అన్నాళ్ళలో అన్న మళ్ళీ గోడవైపు తిరిగిపోతే? ఆ భయం తప్ప ఇంకేమీ అతని బుర్రలో లేదు. కుట్టేవాడి బుద్ధికి తోచే దారి ఒక్కటే. పొడుగైతే కోసెయ్యడం. పైన కోస్తే పేర్లు పోతాయి. అడుగున ఉన్నది, చివరి పేజీలో ఏ తేదీయో తప్ప, ఉత్త తెల్లకాగితమే కదా.

పుస్తకాలన్నీ తన కుట్టు కొట్టుకి మోసుకెళ్ళాడు. గుడ్డ కోసే కత్తెర కాగితం మీద పెట్టినందుకే మేస్త్రి ఒకప్పుడు అతని వేళ్ళు వాచేలా కొట్టాడు. అప్పటి నుంచీ ఆ తప్పు చెయ్యలేదు. ఇప్పుడు ఒక్కో పుస్తకం అడుగున సుద్దతో గీత గీసి, పావంగుళం చొప్పున నాలుగు రోజులు కోశాడు. బొటనవేలు పొక్కింది, కత్తెర మొద్దుబారిపోయింది. పీలికలు గుడ్డముక్కలతో పాటు గోతాంలో పడ్డాయి. పరుపులు కుట్టేవాడు అయిదోరోజు వచ్చి గోతాం ఎత్తుకుపోయాడు.

ఆ మధ్యాహ్నమే సొరుగులన్నీ నిండాయి. వేలితో తోస్తే చాలు, మెత్తగా వెళ్ళి మూసుకుంటున్నాయి. అన్నని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టాడు. అన్న ముఖం వెలిగిపోయింది.

"అమ్మాయ్, ఏదో ఒకటి తియ్యి" అన్నాడు అన్న, తమ్ముడి భార్యతో. "కథ వద్దు. చివరి పేజీ అడుగున పెన్సిలుతో ఉంటుంది చూడు, అది చదువు."

ఆమె తీసింది. తిప్పి చూసింది. "ఏమీ లేదు బావగారూ."

"ఇంకోటి తియ్యి."

"ఇందులోనూ లేదండీ."

అన్న చెయ్యి చాపి పుస్తకం తీసుకున్నాడు. పై అంచు మీద బొటనవేలు నడిపాడు. అరిగి మెత్తబడిన పాత అంచు. కింది అంచు మీద నడిపాడు. కొత్తగా, పదునుగా ఉంది. వేలు అక్కడే ఆగిపోయింది.

"అన్నీనా?" అన్నాడు.

"పావంగుళమే అన్నయ్యా. తెల్లకాగితమే కదా అని... ఏం రాశావందులో?"

అన్న సొరుగు ఒకటి లాగి, మళ్ళీ మూసి, "తేదీలురా. ఊరికే తేదీలు" అన్నాడు. "బాగా చేశావు. సరిగ్గా సరిపోయింది." ఆపైన తనే గోడ తడుముకుంటూ వెళ్ళి మంచం మీద పడుకున్నాడు.

టేపుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తేదీలే కదా!

మూడు రోజుల తర్వాత భార్య అతని కొట్టుకొచ్చింది. సొరుగులు తుడుస్తుంటే వరసల మధ్యలో ఒక చిన్న పుస్తకం దొరికిందట. ఎప్పుడో పెద్ద పుస్తకంతో పాటు ఉచితంగా వచ్చినది. పొట్టిది కాబట్టి కత్తెర పడలేదు. ఆమె ముఖం చూసి టేపు మిషను ఆపేశాడు. ఆమె చివరి పేజీ తీసి చదివింది.

"ఈరోజు తమ్ముడు నాకు చొక్కా కుట్టాడు. వాడి మొదటి చొక్కా. చంకల్లో పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు. సరిగ్గా సరిపోయిందని చెప్పాను."

"మళ్ళీ చదువు" అన్నాడు టేపు. ఆమె మళ్ళీ చదివింది.

పరుపులవాడి దగ్గరికి పరిగెత్తాడు. ఆ గోతాం ఏ పరుపులో కలిసిందో వాడికే తెలియదు. టేపు తిరిగొచ్చి ముందుగదిలోకి తొంగిచూశాడు. పొద్దుటి పళ్ళెం పెట్టినచోటే ఉంది, అన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మిగతా ఆరువందల పదకొండులో ఏం రాసుందో చెప్పగలవాడు ఆ మనిషి ఒక్కడే. అడిగితే తేదీలంటాడు.