ఒక్కపొద్దు ఉప్పు

ఆ ఉదయం గొర్రెలను దొడ్డిలోంచి తోలుతుంటే మెడ వెనక బిగుసుకుపోయి, మందంతా కళ్లముందు మసకబారింది. ఎండదెబ్బ అనుకున్నాను. అప్పటికి నాకు నలభై దాటలేదు. జబ్బంటే ముసలివాళ్లకు వచ్చేదన్న ధీమా ఉండేది.

దేవరకొండ దవాఖానలో మూత్రం పరీక్ష, ఎక్స్‌రే అయ్యాక డాక్టరుగారు చెప్పారు. "బ్లడ్ ప్రెషర్ మస్తుగుంది. గుండె పెద్దగైంది, కిడ్నీలు గూడ దెబ్బతిన్నయి. రోజు టాబ్లెట్ మింగు. ఉప్పు మానకుంటే మందు పనిచెయ్యది."

మా అమ్మ ఆ మాటను తు.చ. తప్పకుండా పట్టుకుంది. నాకు వేరే కుండ పెట్టి, ఉప్పు డబ్బా దాని దరిదాపులకు రానివ్వలేదు. మా ఇంట్లో శనివారం నరసింహస్వామికి ఒక్కపొద్దు ఉంటాం. ఆ రోజు మామూలు ఉప్పు ముట్టం, సైంధవ లవణం వేసుకుంటాం. అమ్మ దృష్టిలో అది ఉప్పు కిందికే రాదు. నా పప్పులో, జొన్నరవ్వ గట్కలో రోజూ అదే వేసింది. దేవుడికే అభ్యంతరం లేనిది డాక్టరుకెందుకని నేనూ హాయిగా తిన్నాను.

ప్రెషర్ దిగలేదు. టాబ్లెట్లు పెంచారు. ఆ మందులకు లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. ఎప్పుడూ దిగులే, ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. కాళ్లు వాచాయి. చివరికి ఊపిరి అందక, బండిలో వేసుకుని దవాఖానకు తీసుకెళ్లారు. చచ్చిపోతానని భయపడ్డాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

అక్కడికి అమ్మ జావ తెచ్చింది. డాక్టరుగారు చెంచాతో రుచి చూశారు.

"ఉప్పేసినవు గదమ్మా."

"లేదు సారూ. ఉప్పు మాన్పిచ్చిన. గిది ఒక్కపొద్దుకు తినేది." కొంగుముడి విప్పి గులాబిరంగు రాయి చూపించింది.

ఆయన కోప్పడలేదు. "దేవునికి పనికొస్తదేమో గని, గుండెకు గిది గూడ ఉప్పేనమ్మా" అన్నారు.

అమ్మ మంచంకోడు పట్టుకుని కూలబడింది. "నా చేతులతోనే పెట్టిన కొడుకా" అంది. నా ఆయాసం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నిజంగా చప్పిడి తిన్నాక వాపు దిగింది, టాబ్లెట్లు తగ్గాయి. కానీ నోటికి ఏదీ ఎక్కేది కాదు. నా అవస్థ చూసి మా బామ్మర్ది హైదరాబాదు నుంచి ఒక సీసా తెచ్చాడు.

"గిది మామూలు ఉప్పు గాదు బావా. ప్రెషరోళ్ల కోసమే చేసిన్రట."

నాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాపేలోగా అమ్మ సీసా లాక్కుంది. "సారు చూసేదాక నీ నోట్లె పడనియ్య" అని బస్సెక్కి ఒక్కతే వెళ్లింది. అంతకుముందు తోడు లేకుండా ఊరు దాటిన మనిషి కాదు.

సాయంత్రం ఉత్త చేతులతో తిరిగొచ్చింది. సీసా డాక్టరుగారే ఉంచేసుకున్నారట. తర్వాత నేను వెళ్లినప్పుడు వివరంగా చెప్పారు. అందులో ఉన్నది పొటాషియం. నా కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. ఆ సాయంత్రం అమ్మకు ఆ పేరు పలకడానికి నోరు తిరగలేదు. "గుండె ఆగుతదట కొడుకా" అని మాత్రం అని, నా పక్కన కూర్చుని ఏడ్చింది.

ఇప్పుడు మంద వెంట మెల్లగా నడుస్తున్నాను. టాబ్లెట్ మానలేదు. అంబలి చప్పగానే తాగుతాను, అలవాటైపోయింది. తోటి రోగులకు ఒక్కటే చెబుతాను. ఉప్పుకు బదులు ఏది వాడాలనుకున్నా, ఎంత కావలసినవాళ్లు ఇచ్చినా, ముందు ఆ వస్తువునే తీసుకెళ్లి మీకు మందు రాసే డాక్టరుకు చూపించండి. ఆ సీసా వచ్చిన రోజు అమ్మ ఇంట్లో లేకపోతే ఈ మాట చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు.