వ్యాను కింద నుంచి తీసిన డిఫరెన్షియల్

మా ఆయన పోయాక ఆయన వ్యాను రేకుల కింద అలాగే ఉండిపోయింది. మిరపకోతలప్పుడు ఆడవాళ్లను పొలాలకూ, ఆదివారం మా వాళ్లందరినీ చర్చికీ తిప్పిన బండి. అమ్ముతావా అని అడిగినవాళ్లకు సరేననలేదు, కాదనీ అనలేదు. అప్పట్లో నాకు ఏ మాటా లోపలిదాకా దిగేది కాదు. వండేదాన్ని, తినేదాన్ని, కూరలో ఉప్పుందో లేదో తెలిసేది కాదు.

మా అమ్మాయిది ఇంజినీరింగ్ చివరి ఏడు. కాలేజీ పోటీ కోసం తోటి పిల్లలతో కలిసి మోటారుసైకిల్ ఇంజనుతో పందెం కారు కడుతోంది. చిలకలూరిపేటలో మా ఆయన స్నేహితుడి మెకానిక్ షెడ్డులో ఆ పని. ఒకరోజు అతనూ అదీ కలిసి వచ్చి నా ముందు కూర్చున్నారు.

"అమ్మా, నాన్న వ్యాను వెనక ఇరుసు కావాలే."

"మోటారుసైకిల్‌కి చైనుంటుందిగా, చాలదా?"

"చైను తెచ్చి నేరుగా ఇరుసుకి బిగిస్తే రెండు చక్రాలూ ఒకే జోరున తిరుగుతాయి వదినా," అన్నాడతను. "మలుపులో ఈడ్చుకుపోద్ది. చైనుతో నడిచే డిఫరెన్షియల్ ఎక్కడినుంచో తెప్పించాలి, మనవల్ల కాదు. వ్యానుదైతే బ్రేకులతో సహా తయారుగా ఉంది, ఇంజను తిప్పి పెట్టి షాఫ్టుతో కలిపితే చాలు."

డిఫరెన్షియల్ సంగతి నాకు తెలుసు. పెళ్లైన కొత్తల్లో మా ఆయనే చెప్పాడు. కళ్లంలో గుండ్రంగా తిరిగే ఎద్దుల్లో బయటిది ఎక్కువ నడవాలి, లోపలిది తక్కువ నడవాలి. చక్రాలూ అంతే. ఆ తేడాను సర్దే పళ్లచక్రాల పెట్టె ఇరుసు మధ్యలో ఉంటుంది.

"తీసుకోండి," అన్నాను.

"పోటీ అయిపోగానే మళ్లీ బిగించేస్తాం," అంది అమ్మాయి.

వ్యానును దిమ్మెల మీద నిలబెట్టి ఇరుసు దించారు. నల్లటి ఆయిలు నేలంతా కారింది. ఇసుక పోసి ఊడ్చాను.

కారు తయారయ్యాక మూతపడిన జిన్నింగు మిల్లు ఆవరణలో నడిపి చూశారు. నన్నూ తీసుకెళ్లారు.

"దీనికి వెనక్కెళ్లే గేరేదే?"

"మోటారుసైకిల్ ఇంజనుకి ఉండదమ్మా. దిగి తోసుకోవడమే."

"మా వాడుంటే నవ్వీ నవ్వీ చచ్చేవాడు," అన్నాడతను. అని, నా మొహం చూసి తల దించుకున్నాడు.

తిన్నగా బాగానే పోయింది. మలుపు తిరిగేసరికి లోపలి చక్రం నేల వదిలేసి గాల్లో గిర్రున తిరిగింది. కారు నీరసపడిపోయింది.

"డిఫరెన్షియల్‌కి ఇదే జబ్బు. తేలిగ్గా తిరిగే చక్రం దొరికితే జోరంతా దానికే ఇచ్చేస్తది," అన్నాడు. "లోపలి పళ్లు వెల్డింగ్ చేసేస్తే రెండూ కలిసి తిరుగుతాయి. మొదట వద్దనుకున్న ఈడుపే మళ్లీ వస్తది, టైర్లు అరుగుతాయి. అయినా పోటీ గట్టెక్కుద్ది. కాకపోతే వదినా, ఒకసారి వెల్డింగ్ పడిందా, ఇక అది వ్యానుకు పనికిరాదు. అంత పాత బండికి వేరేది దొరకదు."

"వద్దు బాబాయ్," అంది అమ్మాయి. "పోటీకి పోకపోయినా సరే. నాన్న బండి నడవాలి."

"ఎవరు నడుపుతారే?" అన్నాను.

అతను నా వైపు చూశాడు.

"చేసెయ్యవయ్యా," అన్నాను.

షెడ్డులో వెల్డింగ్ మొదలవగానే అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. దాని మొహాన్ని నా భుజం మీదికి తిప్పుకుని, ఆ వెలుగుకేసి చూడకు, కళ్లు పోతాయి అన్నాను.