ప్రార్థనలో తీసిన టోపీ

నా జుట్టు ఇరవై ఆరో ఏట ఊడడం మొదలుపెట్టింది. తప్పంతా టోపీదేనని మా అమ్మ తీర్పు చెప్పేసింది. నేనప్పుడు ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డు పని చేసేవాణ్ణి. ఇల్లు తెనాలిలో. పొద్దున్నే బండెక్కి కాకుమాను, బాపట్ల వైపు పొలాలకు పోవడం, గట్ల మీద నిలబడి రైతులతో మాట్లాడడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. ఆ ఎండకు టోపీ లేకపోతే మాడు పగిలిపోయేది.

"నెత్తికి గాలాడకపోతే జుట్టెలా ఉంటుందిరా? ముందా దరిద్రప్పు టోపీ అవతల పారెయ్" అని అమ్మ రోజూ నెత్తీ నోరూ కొట్టుకునేది. నాకూ నిజమే అనిపించింది. ఒక వేసవంతా టోపీ లేకుండా తిరిగాను. ముక్కు మీద తోలు ఊడింది, నుదురు నల్లబడింది, తలనొప్పి పట్టుకుంది. జుట్టు మాత్రం దాని దారిన అది రాలుతూనే ఉంది. ఒళ్లు మండి, మా వీధి చివర సెలూన్ బాబాయి మీద విరుచుకుపడ్డాను. చిన్నప్పటినుంచీ నా తల ఆయన చేతిలోనే ఉంది మరి.

ఆయన కత్తెర ఆపి అద్దంలోంచి నన్ను చూశాడు. "టోపీ పట్టీ ఎక్కడ బిగుస్తుంది బాబూ? చెవుల పైన. అక్కడ చూడు, జుట్టు దుబ్బులా ఉంది. నడినెత్తికి టోపీ ఆననైనా ఆనదు. మరి ఊడిందెక్కడ?"

నా చెయ్యి దానంతటదే నడినెత్తి మీదికి పోయింది.

"మీ నాన్నకీ నేనే చేసేవాణ్ణి. బతికున్నన్నాళ్లూ టోపీ ఎరగడాయన. నీ వయసుకి నీకంటే ఎక్కువే ఊడింది. ఇది ఆయన నీకిచ్చిన ఆస్తి. మరీ బిగుతుదీ, చెమట కంపు కొట్టేదీ పెట్టుకోకు, అంతే. టోపీని తిట్టమాక."

టోపీ మళ్లీ నెత్తికెక్కింది. అయితే ఈసారి ఎండ కోసం కాదు. అప్పటికి రెండు సంబంధాలు నా తల చూసి వెనక్కి పోయాయి. రెండో అమ్మాయి మేనత్తయితే "అబ్బాయి వయసు నిజంగా అంతేనా అండి?" అని మా అమ్మను మొహం మీదే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకొక్కసారి ఆ మాట పడితే ఈ జన్మకు పెళ్లి వద్దని తీర్మానించుకున్నాను.

మూడో సంబంధం రేపల్లెది. వాట్సాప్‌లో టోపీ ఉన్న ఫొటోనే పంపాను. చూపులకు కూడా టోపీతోనే తెనాలిలో రైలెక్కాను. "తలనొప్పని చెప్తాలే" అన్నాను అమ్మతో. అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. మావాళ్లలో ఎవరింటికెళ్లినా టీ నోట పడకముందే ప్రార్థన. పుట్టినప్పటినుంచీ ఎరిగిన సంగతి సరిగ్గా ఆ రోజే నా బుర్రలోంచి జారిపోయింది. అమ్మాయి తాతయ్య, రిటైరైన టీచరు, కుర్చీలోంచి లేచి "ప్రార్థన చేసుకుందామండి" అన్నారు. ఆడవాళ్లంతా కొంగులు నెత్తిన వేసుకున్నారు. ప్రార్థనలో మగవాడి తల మీద మాత్రం ఏమీ ఉండకూడదు. అయ్యో దేవుడా, ఇలా పట్టించావేంటి అనుకున్నాను. అందరూ కళ్లు మూసుకున్నాక తీసి, ఆమెన్ అనేలోపు పెట్టేసుకుంటే సరిపోతుందనుకున్నాను.

తీశాను. ఫ్యాను గాలి నడినెత్తికి చల్లగా తగిలింది. తాతయ్య వాన కోసం, పంట కోసం, మా రైలు ప్రయాణం కోసం కూడా స్తోత్రాలు చెల్లిస్తున్నారు. ఎంతవరకు వచ్చిందో చూద్దామని మెల్లగా ఒక కన్ను తెరిచాను. ఎదురుగా, కొంగు కిందనుంచి, పెళ్లికూతురు రెండు కళ్లూ తెరిచి నన్నే చూస్తోంది.

అందరూ ఆమెన్ అన్నారు. టోపీ నా చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత ఇద్దర్నీ వరండాలో మాట్లాడుకోమన్నారు.

"ప్రార్థనలో కళ్లు తెరిచారేంటండి?" అంది.

"మీరూ తెరిచారు కదండి."

నవ్వాపుకుంది. "ఒకటి అడుగుతాను. టోపీ వల్ల జుట్టు ఊడిందా, జుట్టు ఊడిందని టోపీ పెట్టారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎండలో ఉద్యోగం, టోపీ తప్పదు, దానివల్లే ఇలా అయింది, మానేస్తే మళ్లీ మొలుస్తుంది అనేస్తే సరిపోయేది. కానీ నన్నే చూస్తున్న ఆ కళ్ల ముందు నోరు రాలేదు.

"టోపీ ఏ పాపమూ ఎరగదండి. మా నాన్నదీ ఇదే తల. ముందు ముందు ఇంకా ఊడుతుంది. మీకు తెలియకుండా దాద్దామనే పెట్టుకొచ్చాను" అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె నా చేతిలోని టోపీ వైపు చూసింది. "ఎండలో పెట్టుకోండి. నా ముందు అక్కర్లేదు" అంది. ఒప్పుకుందో లేదో అర్థంకాక కొయ్యబారి నిలబడ్డాను. "ఏంటండి అలా చూస్తారు? లోపలికెళ్లి చెప్పండి మరి" అంది.

పెళ్లయి ఏడేళ్లయింది. నడినెత్తి ఇప్పుడు పూర్తిగా ఖాళీ. పొద్దున బండి తీసేటప్పుడు ఉతికిన టోపీ తనే తెచ్చిస్తుంది. సాయంత్రం గుమ్మంలోనే దాన్ని తీసి మేకుకు తగిలించి, చెమట పట్టిన నా బోడి నెత్తిని కొంగుతో తుడుస్తుంది. ఎంత అదృష్టవంతుణ్ణో అనిపిస్తుంది.

తాతయ్య ఇప్పుడు లేరు. ఆ రోజు ఆయన ప్రార్థన నన్నెలా కాపాడిందో ఆయనకు చెప్పనే లేదు. ఇంట్లో ఇప్పుడు ప్రార్థన నేను చేస్తాను. ఆయన కోసం స్తోత్రం చెల్లించేటప్పుడు మెల్లగా ఒక కన్ను తెరుస్తాను. ఆమె కళ్లు అప్పటికే తెరిచి ఉంటాయి.