నాలుకకు అంటుకున్న తాబేలు

మొన్న మంగళవారం మా జువాలజీ సార్ కన్నుమూశారు. సంతాపం పేరుతో ఒక అసూయాపరుడి గోడు వినిపించబోతున్నందుకు పాఠకులకు, సార్ కుటుంబానికి, అంతరించిపోయిన సమస్త తాబేళ్లకు ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. ఆయన గొప్పతనం గురించి పెద్దలెవరైనా రాస్తారు. నాకు తెలిసింది ఆయన నాలుక గురించి.

ఆదివారాలు మమ్మల్ని కర్నూలు నుంచి బేతంచెర్ల వైపు గుహలకు తీసుకెళ్లేవారు. మట్టిలో దొరికిన ప్రతి ముక్కనూ ఉఫ్‌మని ఊది, నాలుక కొసకు ఆనించేవారు. "పాత ఎముకైతే అంటుకుంటాదప్పా, రాయి జారిపోతాది." ఒక్కసారే ఆనించేవారు. రెండోసారి అవసరం ఎప్పుడూ పడలేదు.

ఆ వెతుకులాటంతా ఒక్కదాని కోసమే. బండెడు డిప్పతో ఒకప్పుడు తిరిగిన రాక్షసి తాబేలును ఆదిమానవులు ఈ సీమలోనూ కోసి తిన్నారనడానికి ఒక్క సాక్ష్యం కావాలి. "వెల్లకిలా తిప్పిపెడితే వారాలు బతికే ఉంటాది. ఆకలైనప్పుడు కోసుకునేదే. పరిగెత్తలేనిదాన్నే ముందు తినేసినారు మనోళ్లు" అని చెబుతూ, తిన్నవాళ్లలో సొంత పెదనాన్న ఉన్నట్టు సిగ్గుపడేవారు. ఒక తాబేలుకు అంత ప్రేమ దక్కడం నాకు మొదట్నుంచీ గిట్టలేదు.

తాబేలునైనా ఓర్చుకున్నాను. మైదుకూరు నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్‌ను ఓర్చుకోలేకపోయాను. చేలల్లో పెరిగిన పిల్ల, మట్టి చూస్తే అందులో ఏముందో ఆమెకు తెలిసిపోయేది. నేను ఐదు నిమిషాలు ఆలస్యమైతే బస్సెక్కి వెళ్లిపోయే సార్, ఆమె కోసం గంటసేపు బస్టాండులో ఆగేవారు. "చర్చి అయిపోయినాక వస్తాది, కూసో" అనేవారు. హాస్టల్ నుంచి శనివారాలు ఇంటికెళ్లి, ఆదివారం పత్తికొండలో మా కిరాణా అంగడికి ఎగనామం పెట్టి తెల్లారేసరికి బయల్దేరిన నా త్యాగం ఎవరి కంటికీ ఆనేది కాదు.

ఒకరోజు ఆమెకు అరచేయంత తాబేలు పెంకు దొరికింది. లోపలివైపు మూడు సన్నని గాట్లు. సార్ దాన్ని ఎండకు పట్టి తిప్పి తిప్పి చూశారు.

"రాతి పలుకుతో కోసిన గాట్లేనా సార్?" అంది.

"కావచ్చు" అన్నారు. ఆయన దగ్గర అంతకన్నా పెద్ద మెప్పు లేదు. మూడేళ్లలో నాకు ఒక్క కావచ్చు రాలేదు.

పై ఆదివారం నేనూ గాట్లున్న పెంకు ఒకటి పట్టుకొచ్చాను. నాలుగు గాట్లు, ఆమెదానికన్నా ఒకటి ఎక్కువ. సార్ నాలుకకు ఆనించారు. కళ్లు మూసుకున్నారు. మళ్లీ ఆనించారు. "భద్రంగా పెడతాలేప్పా" అని, ఆమె ముక్క పక్కనే రేకు డబ్బాలో పెట్టారు. ఆ రెండోసారి గురించి నేను హాస్టలంతా తిరిగి చెప్పుకున్నాను.

మొన్న పరామర్శకు వెళితే, సార్ భార్య ఆ డబ్బా తెచ్చి, నాకన్నా ముందే వచ్చి కూర్చున్న ఆ మైదుకూరు క్లాస్‌మేట్ చేతిలో పెట్టారు. "మీ సార్ నీకే ఇయ్యమన్నాడమ్మా." చావింట్లో కూడా నా కడుపు మండింది. ఇప్పుడు బద్వేలులో టీచరుగా ఉన్న ఆ మహాతల్లి మూత తీసింది. రెండు ముక్కలకూ సార్ చేతిరాతతో చీటీలు. ఆమె ముక్క మీద "కావచ్చు". నా ముక్క మీది చీటీ చదివి, నవ్వాపుకుని, నా వైపు తిప్పింది.

"పెంకు పాతది. గాట్లు కొత్తవి. బెల్లం."

"ఇన్నేండ్లు సార్ ఒక్కరికీ చెప్పలేదు సూడప్పా" అంది.

కాబట్టి పైన కోరిన క్షమాపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నేను నిజంగా చేసిన తప్పు ఒక్కటే. మా అంగట్లో బెల్లం కోసే కత్తితో ఆ నాలుగు గాట్లు పెట్టాను, కత్తి కడగలేదు. షుగర్ ఉన్న మనిషి, గుహ నోట్లో ఎండకు నిలబడి, కళ్లు మూసుకుని, దాన్ని రెండోసారి నాలుకకు ఆనించారు.