ఆదివారం పాటలకు గ్రాఫిక్స్ కార్డు

నా తోటికోడలంటే నాకు అసూయ. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాచుకోవడానికి అదేమన్నా దొంగసొమ్మా?

ఈ దీవుల్లో డిగ్నాబాద్ పేటలోని మా తెలుగు చర్చికి ప్రొజెక్టర్ ఉండేది గాని కంప్యూటర్ లేదు. ఆదివారం పొద్దున్నే మా ఆయన మా ఇంటి డెస్క్‌టాప్‌ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చేవారు. ఆ వారం పాటలు నేనే తెలుగులో టైపు చేసి తెర మీద వేసేదాన్ని. ప్రొజెక్టర్ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ నాది. పాస్టరు అయ్యగారి కుర్చీ తరవాత ఆ హాల్లో అంత దర్జా అయిన కుర్చీ ఇంకోటి లేదని నా నమ్మకం.

అంతకుముందు పద్ధతి వేరు. ఒడ్డు అవతలి నుంచి జనాన్ని తెచ్చి ఈ దీవుల్లో నిలిపిన సెటిల్‌మెంటు రోజుల్లో ఇక్కడ ఓడ దిగిన తెలుగువాళ్లలో మా మామగారొకరు. అప్పట్లో పాటల పుస్తకాలు తక్కువ, చదవడం వచ్చినవాళ్లు మరీ తక్కువ. ఆయన లేచి నిలబడి ఒక్కో పంక్తి చదివి చెబితే, అందరూ అందుకుని పాడేవారట. ఎక్కడ గొంతు ఎత్తాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పారు. మా మరిది పెళ్లినాటికి ఆయన లేరు. తెర వచ్చాక ఆ చెప్పడమూ పోయింది.

మరిదివాళ్లు డెలానీపూర్ క్వార్టర్స్‌లో ఉంటారు. కొత్త విండోస్‌తో కొత్త కంప్యూటర్ కొన్నారు. ఒక ఆదివారం నాకు జ్వరం వస్తే తోటికోడలు తనది పట్టుకొచ్చిందట. ఆ తరవాత ఎవరిని కదిపినా అదే మాట. తెర మీద తెరుచుకునే కిటికీల అంచులు గాజులా మెరుస్తాయట, వెనకున్న బొమ్మ అందులోంచి కనిపిస్తుందట!

"ఆంటీ, అగ్లా సండే కూడా ఛోటీ ఆంటీ వాలా కంప్యూటర్ పెట్టండి నా. మీది పురానా అయిపోయింది" అన్నారు క్వయిర్ పిల్లలు.

పురానా! నా ఒళ్లు మండిపోయింది. వీళ్లలో సగంమందికి తెలుగు అక్షరాలే రావు, అంచులు కావలసి వచ్చాయా? నా కూతురే ఉంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే నీళ్లు నములుతుంది. నేను టైపు చేసిన పాటల ముందు ఊరికే పెదాలు కదుపుతూ నిలబడేది.

మర్నాడే బజారులో కంప్యూటర్ షాపుకి వెళ్లాను.

"కొత్త విండోస్ వేస్తాను దీదీ. లేకిన్ ఆ గ్లాస్ లుక్ రావాలంటే గ్రాఫిక్స్ కార్డ్ మార్చాలి. ఇక్కడ స్టాక్ లేదు, షిప్‌లో రావాలి" అన్నాడు షాపతను.

"పాట పాడుకోడానికి గాజెందుకే?" అన్నారు మా ఆయన.

"మీ తమ్ముడిని అడగండి" అన్నాను.

సరిగ్గా అప్పుడే ఆ తోటికోడలమ్మ ఫోను చేసింది. "అక్కా, వైజాగ్ ఎల్తన్నాను. ఏటైనా తేవాలేటి?"

ఆవిడ మోసుకొచ్చిన కార్డుతో నేను ఆవిడకి సమానం కావాలా? చచ్చినా అడగను. "ఏం వద్దమ్మా, అన్నీ ఉన్నాయి" అన్నాను.

సముద్రం బాగోలేదని నా కార్డు తెచ్చే ఓడ ఆలస్యమైంది. అంతదాకా ఆ పాతదాన్ని చర్చి గడప తొక్కించనన్నాను. తోటికోడలు వెళ్లిందీ, తిరిగొచ్చిందీ, ఆదివారాలు నా కుర్చీలో కూర్చుందీ కూడా. నేను మూడో వరుసలో కూర్చుని పాటకు బదులు ఆవిడ వీపు చూసేదాన్ని.

ఎట్టకేలకు హాడో రేవులో సరుకు దిగింది. షాపతను కార్డు బిగించి, పాతదంతా తుడిచేసి కొత్త విండోస్ వేశాడు. నా పాటలు మాత్రం భద్రంగా తిరిగి ఎక్కించాడు. "ఈ వారం నాది తెస్తున్నాను" అని తోటికోడలికి ఫోను చేసి చెప్పాను. "అలాగే అక్కా" అంది. ఆ గొంతులో కాస్త ఏడుపు వినిపించినా నా ప్రాణం హాయిగా ఉండేది.

శనివారమంతా కిటికీలు తెరిచాను, మూశాను, అటూ ఇటూ జరిపాను. అబ్బ, ఏం మెరుపు! ఒక్క పాట తెరిచి చూద్దామన్న ధ్యాసే లేదు.

ఆదివారం అందరి ముందూ మొదటి పాట తెరిచాను. తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, గీతలు, చుక్కలు. గాజు అంచుల మధ్య పిచ్చి రాతలు. నా పాటలన్నీ పాత తెలుగు ఫాంటులో కొట్టినవి. పాటలు ఎక్కించాడు గాని ఆ ఫాంటు ఎక్కించలేదు. అది లేకపోతే తెలుగు కనపడదు.

"ఆంటీ, ఇది కౌన్ సీ భాష?" అన్నారు వెనక నుంచి. కిసుక్కున నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు వైరుది కాదని తెలిసి కూడా వైరు చూస్తున్నట్టు టేబుల్ కిందికి దూరాను.

అప్పుడు పైన ఒక గొంతు లేచింది. తోటికోడలు పాటల పుస్తకం పట్టుకుని ఒక పంక్తి చదివి చెప్పింది. జనం అందుకున్నారు. ఇంకో పంక్తి చెప్పింది. ముసలివాళ్ల గొంతులు ఒక్కసారిగా పొంగాయి. అది మామగారి పద్ధతి! ఆవిడకి ఎవరు చెప్పారు? ఇంకెవరు, నేనే. ఆయన నాకే నేర్పారని ఒకనాడు గొప్పలకు పోయి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆ పాట నాకు పుస్తకం లేకుండా వచ్చు. నేనేమో టేబుల్ కింద ఉన్నాను.

పాట అయ్యాక అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. "ఇకనుంచి తెర వద్దమ్మా. ప్రతి ఆదివారం నువ్వే చెప్పు, మేం పాడతాం" అన్నారు. నాతో కాదు.

ఇంటికొచ్చి కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాను. గాజు బ్రహ్మాండంగా మెరుస్తోంది. చూసేది నేనొక్కదాన్నే. నా కూతురు బూట్లు విప్పుతూ పొద్దుటి పాట పాడుతోంది. అక్షరం పొల్లుపోకుండా, పిన్ని ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే తీసుకుంటూ. ఇన్నేళ్లలో దాని నోట తెలుగు పాట వినడం అదే మొదటిసారి.

ఒకచోట ఆగిపోయింది. "మమ్మీ, దీని తర్వాత లైన్ ఏంటి? బోలో నా."

నాకు వచ్చు. నాలుక చివరే ఉంది.

"మీ పిన్నిని అడుగు" అన్నాను.

అది నిజంగానే వెళ్లి ఫోను తీసింది.