పడమటి దిక్కున నల్ల నువ్వులు

హోమం పొగ కళ్ళలోకి రాగానే నాకు తెలిసిపోయింది, జిల్లేడు పుల్లలు సరిగ్గా ఎండలేదని. ఎండిన జిల్లేడు నేతిలో ముంచి వేస్తే చటుక్కున అంటుకుంటుంది. పచ్చిదనం మిగిలిందంటే ముందు బుసబుసమని నురగ కక్కి, గొంతులో గరగరలాడే చేదు పొగ వదులుతుంది. చెంగిచెర్లలో మా లావణ్య కొత్త ఫ్లాటు గృహప్రవేశం అది. లావణ్య మా బావగారి కూతురు, నన్ను పిన్నీ అంటుంది. ఉద్యోగం పోయిన నెలలోనే ఇల్లు చేతికి రావడంతో దాని మొహంలో సంబరం సగమే ఉంది. పొగకి చుట్టాలంతా కొంగులూ కర్చీఫులూ అడ్డం పెట్టుకుని బాల్కనీలోకి పరుగెత్తారు. నేను మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. "పచ్చి జిల్లేడు వెడితే సూర్యుడు ఊకుంటడా బిడ్డా, కండ్లల్ల కారం గొడ్తడు" అనే గొంతు ఒకటి ఆ పొగలోంచి వినిపించింది. ఆ గొంతు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. నా కళ్ళనీళ్ళు పొగవల్లే అనుకున్నారు పక్కవాళ్ళు. అనుకోనిచ్చాను.

ఆ గొంతు అనసూయమ్మది. నాచారంలో ఫ్యాక్టరీల వైపు తిరిగే సందు మొదట్లో ఆమెకు పూజా సామాన్ల దుకాణం ఉండేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. జనగామ దగ్గరి పల్లె నుంచి మిల్లులో పనికని వచ్చిన భర్త వెంట వచ్చి, ఆయన మిల్లుకు పోతే తాను ఊరికే కూర్చోలేక పెట్టుకున్న దుకాణమది. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. కళ్ళద్దాలను పసుపుతాడుతో కట్టి మెడలో వేలాడదీసుకునేది. ఇదేమిటండీ అని అడిగితే, "సంసారాన్నే మోసే దారం, గీ అద్దాలను మొయ్యదా?" అని నవ్వేది. నేను అనసూయమ్మగారూ అంటే ఆమెకు చక్కిలిగిలి పెట్టినట్టుండేది. "గారు గీరు ఏందే, పెద్దమ్మ అను సాలు" అంది. అలాగే పిలిచాను, చివరిదాకా.

నేను తెనాలి నుంచి చిల్కానగర్‌కి కోడలిగా వచ్చినదాన్ని. మా ఆయన నాచారంలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవారు. పెళ్ళయిన ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీ మూతపడింది. ఆ వెంటనే మామయ్యగారు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటు అన్నట్టు, ఎవరో సిద్ధాంతిగారు నా జాతకం చూసి కోడలికి ఏలినాటి శని నడుస్తోందన్నారు. అంతే. మా అత్తయ్య చెడ్డమనిషి కాదు, భయస్థురాలు. ఒక్కోసారి చెడ్డమనిషితో వేగడమే సులువు, ఎదురు తిరగనైనా తిరగవచ్చు. నువ్వులూ, నూనే, ఉప్పూ ఒకరి చేతి నుంచి ఇంకొకరు నేరుగా అందుకోకూడదని ఎవరింట్లోనైనా పాటించేదే. కింద పెడితే తీసుకుంటారు. మా ఇంట్లో అది నా ఒక్కదాని విషయంలో పాకుతూ పోయింది. మొదట నువ్వులు, తర్వాత పప్పుడబ్బా, ఆ తర్వాత తాళంచెవులు, చివరికి కాఫీ గ్లాసు కూడా. "అక్కడ పెట్టమ్మా పద్మా, నేను తీసుకుంటాలే" అనేది అత్తయ్య, ఎంతో మెత్తగా. ఆ మెత్తదనమే నన్ను కోసేది. కొన్నాళ్ళకు ఎవరూ చెప్పకుండానే నేనే అన్నీ కింద పెట్టడం మొదలుపెట్టాను. నా చేతిలో ఏదో ఉందని నేనే నమ్మేశాను.

శనివారం శనివారం దానానికి నల్ల నువ్వులు కొనడానికి నన్నే పంపేవారు. అలా మొదటిసారి ఆ దుకాణానికి వెళ్ళాను. అనసూయమ్మ పొట్లం కట్టి నా ముందుకు చెయ్యి చాపింది. నేను చెయ్యి చాపలేదు.

"అక్కడ పెట్టండి, తీసుకుంటాను" అన్నాను.

"నువ్వులని భయమా?"

"నువ్వులని కాదండీ. నాకు శని నడుస్తోంది. మీకెందుకు అంటించాలని."

ఆమె లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చింది. "నడవనియ్యి. గ్రహాలన్నిట్ల మెల్లగ నడిచేటోడు ఆయన. నువ్వు గూడ మెల్లగ నడువు, తొవ్వల తొక్కుకోరు. దానికింత ఫికరెందుకు?" అంది. పొట్లం మాత్రం గల్లాపెట్టె మీద పెట్టింది. అప్పటికి నా మాట కాదనలేదు.

శ్రావణం ముందర ఆమెకు ఒక మనిషి సాయం కావలసి వచ్చింది, నన్ను అడిగింది. దేవుడి సామాన్ల మధ్య ఉంటే దోషం తగ్గుతుందేమోనని అత్తయ్య వెంటనే ఒప్పుకుంది. జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక ఉద్యోగం నా శని ఇప్పించినదే.

పని నవగ్రహ పూజకు సంచులు కట్టడం. ఏ గ్రహానికి ఏ ధాన్యం, ఏ రంగు గుడ్డ, హోమంలోకి ఏ పుల్ల అన్నది నోటితో చెప్పి నేర్పలేదామె. కళ్ళు మూసుకోమని పుల్లలు చేతిలో పెట్టేది. మోదుగ చంద్రుడిది, తేలిగ్గా, బెరడు గరుగ్గా ఉంటుంది. చండ్ర కుజుడిది, బరువు, విరిస్తే లోపల ఎర్రన. జమ్మి పట్టుకుంటే ముల్లు గుచ్చుకునేది, "అగో, శని పలకరిచ్చిండు" అనేది. నేను మేడిని రావి అనీ, రావిని మేడి అనీ చెప్పి శుక్రుడికీ బృహస్పతికీ ఎన్నిసార్లు తగువు పెట్టానో లెక్కలేదు. ఆమె కోప్పడేది కాదు గానీ, "గురువులిద్దరు గద, కొట్లాట వాళ్ళకు కొత్తకాదు తియ్యి" అని మళ్ళీ పుల్ల నా చేతిలోనే పెట్టేది. ఆ పెట్టడం ఒకటి నాకు బాగా గుర్తు. ఇంట్లో ఎవరూ ఏదీ పెట్టని నా చేతిలో పొద్దస్తమానం ఏదో ఒకటి పెడుతూనే ఉండేది.

ఒక మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు పంచభూతాల సంగతి చెప్పింది. పూజలో గంధం భూమి, ధూపం గాలి, దీపం అగ్ని, నైవేద్యం పక్కన నీళ్ళు సరే. పువ్వు ఆకాశమంది. అది నాకు మింగుడుపడలేదు.

"పువ్వు ఆకాశమెలా అవుతుంది పెద్దమ్మా?"

"మొగ్గ ఇచ్చుకోవాలంటే సుట్టూ జర జాగ కావాలెనా, వద్దా? జాగ ఉన్నకాడ ఆకాశం ఉన్నట్టే. గుప్పిట్ల వెట్టి పిసికితే ఏ పువ్వూ ఇచ్చుకోదు బిడ్డా" అంది, చామంతుల బుట్ట మీద నీళ్ళు చల్లుతూ. ఆమె ఏ పుస్తకంలో చదివిందో, ఎవరి దగ్గర విన్నదో, సొంతంగా అల్లిందో తెలియదు. ఆ మాట నా గురించేనని నాకు మాత్రం అనిపించింది.

దుకాణదారుకు ఉండకూడని గుణం ఒకటి ఆమెకుండేది. భయపడుతూ వచ్చినవాళ్ళకు ఎక్కువ అమ్మేది కాదు. ఉప్పల్ నుంచి ఒకాయన వచ్చి రాహువుకు, కేతువుకు, శనికి అన్నీ కట్టమంటే ఒక్క దీపపు కుందె, వత్తులు ఇచ్చి పంపింది. "భయంల కొన్నది ఇంట్ల భయమే అయితది. ముందుగాల దీపం ముంగట కూసోని నిమ్మలంగుండు, మల్ల రా" అంది. ఇలాగైతే వ్యాపారం ఎలా సాగుతుందని నాకు నవ్వు వచ్చేది. సాగింది మరి.

నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. సంచి కట్టేటప్పుడు ఎనిమిది ధాన్యాల పొట్లాలూ ఒకదాని మీద ఒకటి సర్దేదాన్ని గానీ, నువ్వుల పొట్లం మాత్రం మిగతావాటికి తగలకుండా దూరంగా అరుగు చివర పెట్టి ఆఖరున వేసేదాన్ని. నా శని చాలదన్నట్టు జనం గ్రహాలకు కూడా అంటించడం ఎందుకని. ఒక రోజు తొందరలో సంచి వెళ్ళిపోయింది, పొట్లం అరుగు మీదే మిగిలింది. ఉప్పల్‌లో ఎవరింట్లోనో పూజ. పంతులుగారు ఫోను చేశారు: "అమ్మా, పడమర ఖాళీగా ఉంది. శని లేకుండా పూజ ఎలా మొదలుపెట్టను?"

అనసూయమ్మ షట్టరు దించి నన్ను ఆటో ఎక్కించింది. ఆ ఇంటి హాల్లో పీట మీద మధ్యన సూర్యుడి గోధుమలు, ఆగ్నేయాన చంద్రుడి బియ్యం, దక్షిణాన కందులు, ఉత్తరాన శనగలు, అన్నీ రంగురంగుల గుడ్డల మీద పోసి ఉన్నాయి. పడమట నల్లగుడ్డ ఒక్కటే బోసిగా ఉంది. పట్టుబట్టల్లో దంపతులు, పిలుపులకొచ్చిన చుట్టాలు, అంతా ఆ గుడ్డ వైపే చూస్తున్నారు. పొట్లం నేను అందించబోతే అనసూయమ్మ వద్దంది. "మరిచింది నువ్వు. నువ్వే పొయ్యి" అంది. మోకాళ్ళ మీద కూర్చుని నా చేత్తోనే పోశాను. నల్లటి కుప్ప లేచింది. పీట నిండింది. ఇన్నాళ్ళూ అది లేకపోతేనే బాగుంటుందనుకున్నదాన్ని, అది ఉంటేనే ఆ తొమ్మిదీ అందంగా ఉన్నాయని అప్పుడు చూశాను.

దుకాణానికి తిరిగొచ్చాక స్టూలు మీద కూర్చుని అడిగింది. "ఎందుకు పక్కకు వెట్టినవ్?"

చెప్పాను. కాఫీ గ్లాసు దాకా అన్నీ చెప్పాను. మా తోడికోడలు సుశీలక్కయ్య పురుడు పోసుకుని ఇంటికొచ్చిందని, పాపను నా చేతికి ఇంకా ఎవరూ ఇవ్వలేదని, ఉయ్యాలలో ఉంటే దూరం నుంచి చూస్తున్నానని చెప్పాను. "నేనే ఎత్తుకోను పెద్దమ్మా. దానికేమన్నా అయితే?" అని ఏడ్చేశాను.

ఆమె ఓదార్చలేదు. నువ్వుల డబ్బా నా ముందుకు తోసి తన అరచెయ్యి చాపింది. "పొయ్యి."

"వద్దు పెద్దమ్మా."

"సెయ్యి గుంజుతున్నది, పొయ్యి."

గుప్పెడు పోశాను. సగం కింద పడ్డాయి. ఆమె చిటికెడు తీసి నోట్లో వేసుకుని, లవంగంతో కలిపి తీరిగ్గా నమిలింది. "మంచి నువ్వులే. బెల్లముంటే ఇంక మస్తుగుండు" అంది. అంతే. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

పాప బారసాలకు ఆమెను అత్తయ్యే పిలిచింది, పద్ధతులు తెలిసిన మనిషని. మాలో ఉయ్యాల పైనుంచి ఒకరు బిడ్డను అందిస్తే, అవతలివాళ్ళు అందుకుని ఉయ్యాల కిందుగా తిరిగి ఇవ్వాలి. మొదట అందించే పని పెద్దమనిషిగా అనసూయమ్మకు అప్పగించారు. అవతల అందుకోవడానికి సుశీలక్కయ్య వాళ్ళ పిన్ని కొంగు దోపుకుని సిద్ధంగా ఉంది. నేను గుమ్మం దగ్గర శనగల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను, నలుగురికీ అడ్డం కాకుండా.

"పద్మా, పళ్ళెం ఆడ వెట్టి ఇటు రా. అందుకో" అంది అనసూయమ్మ.

"పిన్నిగారు ఉన్నారుగా అనసూయమ్మగారూ, ఆవిడ అందుకుంటారు" అంది అత్తయ్య, అదే మెత్తటి గొంతుతో.

"ఉన్నరు, తరువాత అందుకుంటరు. నా చేతులు గుంజుతున్నయ్ వదినా, పిల్లను ఎంతసేపు గాల్ల పట్టుకోను? నవగ్రహాల సంచి కట్టేది గీ చేతులే. ఊరందరికి మంచి జరగాలని గా సంచి కొంటున్రు. గీ పిల్లకే పనికి రావా?" అంటూనే పాపను ఉయ్యాల మీదుగా నా వైపు చాపేసింది.

సుశీలక్కయ్య వైపు చూశాను. పచ్చి బాలింత, బెదురు కళ్ళతో నన్నే చూస్తోంది. పాప వైపు ఒకసారి చూసి, "తీసుకో పద్మా" అంది. తీసుకున్నాను. వెచ్చగా, పాలవాసన వేస్తూ, నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఏమవుతుందోనని గదిలో అందరూ దాన్నే చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. అయింది. నా పెళ్ళిపట్టుచీర మొత్తం తడిపేసింది.

"అగో! అయిపాయె. నీ శనిని నీ బిడ్డనే కడిగింది" అని అనసూయమ్మ పగలబడి నవ్వింది. ముందు సుశీలక్కయ్య నవ్వింది, తర్వాత గదంతా నవ్వింది. అత్తయ్య లోపలికి వెళ్ళి పొడి తువ్వాలు తెచ్చింది. మంచం మీద పెడుతుందనుకున్నాను. నా దగ్గరికొచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, నా చేతికే ఇచ్చింది. ఆ తర్వాత కూడా అత్తయ్యకు ఎన్నో భయాలు మిగిలాయి గానీ, కాఫీ గ్లాసు మాత్రం నా చేతినుంచే అందుకునేది.

మా ఆయనకు మళ్ళీ పని దొరికింది, చాలా ఆలస్యంగా. ఆ రోజుకీ దానికీ సంబంధం లేదు, ఉందనీ నేననను. అనసూయమ్మ మోకాళ్ళు అరిగేదాకా దుకాణం నడిపింది. దవాఖానాలో చివరిసారి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నీ చేతులెప్పుడు వెచ్చగుంటయ్ బిడ్డా" అంది. ఆమె పోయిన రోజు నేను తల్లి లేనిదాన్నయ్యాననిపించింది. తెనాలిలో మా అమ్మ బతికే ఉంది. ఆ మాట అమ్మకే చెబితే, అర్థమైందన్నట్టు తలూపింది.

హోమం ముగిసింది. పొగ తగ్గి చుట్టాలు భోజనాలకు కదిలారు. పంతులుగారు లావణ్యతో ఏదో మెల్లగా చెప్పి లేచారు. ఆనాడు ఉయ్యాల మీదుగా నా చేతికొచ్చి నా పట్టుచీర తడిపిన ఆ పిల్ల ఇప్పుడు మిగిలిన నువ్వుల గిన్నె పట్టుకుని హాలు మధ్య నిలబడిపోయింది. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తోంది. నేను దగ్గరికెళ్ళాను.

"పిన్నీ, నాకు ఏలినాటి నడుస్తోందట. ఉద్యోగం అందుకే పోయిందట. ఇది ఎవరి చేతికీ ఇవ్వద్దన్నారు" అంది. నవ్వుతూ చెబుదామనుకుంది, నవ్వు రాలేదు. తన చేతుల వైపే చూసుకుంటోంది. ఆ చూపు నాకు తెలుసు.

నేను అరచెయ్యి చాపాను. "పొయ్యి."

"వద్దు పిన్నీ, నీకేమన్నా అయితే?"

"చెయ్యి గుంజుతోందే, పొయ్యి."

పోసింది. సగం కొత్త టైల్స్ మీద పడ్డాయి. చిటికెడు తీసి నోట్లో వేసుకుని నమిలాను.

"మంచి నువ్వులే. వంటింట్లో బెల్లం ఉందేమో చూడు" అన్నాను.